సింగపూర్ రాత్రి రేసుకి ఇంటిల్లిపాదీ వెళ్ళాం: ఏది కలిసొచ్చింది, ఏది తేడా కొట్టింది

మా ఇంట్లో ఫార్ములా వన్ పిచ్చి ఉన్నది నాకూ, పదకొండేళ్ళ మా అమ్మాయికీ మాత్రమే. మా ఆవిడకీ, ఆరేళ్ళ బాబుకీ, అమ్మకీ అవి ఊరికే గుండ్రంగా తిరిగే కార్లు. ఈ ఐదుగురం కలిసి 2024 సెప్టెంబరులో సింగపూర్ గ్రాండ్ ప్రి చూసొచ్చాం. ఇదే ఎందుకంటే ఈ రేసు ఊరి నడిబొడ్డున, మామూలుగా బస్సులు తిరిగే రోడ్ల మీద జరుగుతుంది. విసుగొచ్చినవాళ్ళు మెట్రో ఎక్కి గదికి వెళ్ళిపోవచ్చు. ఊరికి దూరంగా ఎక్కడో ఉండే ట్రాక్ అయితే ఒకరి సరదాకి మిగతా నలుగురూ రాత్రి దాకా బందీలు.

వీసా ఏజెంటు ద్వారా తీసుకున్నాం, ఫీజు 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు చార్జీ వేరే. అక్కడ దిగడానికి మూడు రోజుల ముందు నుంచి అరైవల్ కార్డ్, అంటే మన వివరాలిచ్చే ఫారం, ఆన్‌లైన్‌లో నింపుకోవచ్చు. అది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి పోకండి.

మొదటి దెబ్బ గది దగ్గర తగిలింది. ఎనిమిది నెలల ముందు ట్రాక్ పక్కనే మంచి రేటుకి ఒక సైట్‌లో బుక్ చేస్తే, జూన్‌లో "పొరపాటున ఎక్కువ గదులు అమ్మాం" అని క్యాన్సిల్ చేశారు, వారం తిరక్కుండా అదే గది మూడింతల రేటుకి మళ్ళీ కనిపించింది. ఎన్ని మెయిళ్ళు పెట్టినా డబ్బు వెనక్కి ఇచ్చి చేతులు దులుపుకున్నారు. అప్పటికి తిట్టుకున్నా ఇప్పుడు మంచిదే అయిందనిపిస్తోంది. రేసు రోజుల్లో ట్రాక్ చుట్టూ రోడ్లు మూసేస్తారు, టాక్సీ గుమ్మం దాకా రాదు, అర్ధరాత్రి దాకా గోల. పిల్లలతో, పెద్దవాళ్ళతో అక్కడ ఉండి చేసేదేమీ లేదు.

చివరికి లిటిల్ ఇండియాలో రెండు చిన్న గదులు తీసుకున్నాం. డౌన్‌టౌన్ లైన్‌లో మూడో స్టేషను ప్రొమెనాడ్, అంటే పిట్ (కార్లకి టైర్లు మార్చే చోటు) వైపు గేట్లకి దగ్గర. గదులకి కిటికీల్లేవు! సింగపూర్‌లో చవక హోటళ్ళలో ఇది మామూలేనట, బుక్ చేసేటప్పుడు ఆ ఒక్క ముక్క నేను చూసుకోలేదు. మా ఆవిడ మొదటిరోజు "ఏవండీ, ఇది గదా, గోదామా?" అంది. కానీ ఆ చీకటే మమ్మల్ని కాపాడింది.

ఎలాగంటే, ఇది రాత్రి రేసు. శుక్రవారం మొదటి ప్రాక్టీసు సాయంత్రం ఐదున్నరకి, రెండోది రాత్రి తొమ్మిదికి, ఆదివారం రేసు ఎనిమిదికి. టీముల వాళ్ళు ఆ వారమంతా యూరప్ టైంలోనే ఉండి, తెల్లారాక పడుకుని మధ్యాహ్నం లేస్తారు. సరే, మనం ఇండియా టైంలోనే ఉండిపోదాం అనుకుని వాచీలు మార్చలేదు. అక్కడికీ మనకీ తేడా రెండున్నర గంటలే. అక్కడ పది గంటలకు లేస్తే పిల్లల లెక్కలో ఏడున్నర, రేసు మొదలయ్యేది సాయంత్రం ఐదున్నరకి. రాత్రి పదింటికి బాబు నా భుజం మీద పడి నిద్రపోతాడని భయపడ్డాను, ఒక్కరోజు కూడా పడుకోలేదు. కిటికీ ఉండుంటే పొద్దున్నే లేచి కూర్చునేవాడు.

శుక్రవారానికి వాకబౌట్ టికెట్లు, అంటే సీటు ఉండదు, తిరుగుతూ చూడటమే. మాది జోన్ 4, పడాంగ్ మైదానం ఉన్న వైపు. నిజం చెప్పాలంటే చిన్నపిల్లలకి ఈ టికెట్టు దండగ. కంచె దగ్గర పెద్దవాళ్ళు మూడు వరసల్లో నిలబడతారు, బాబుని భుజాలకెత్తుకుంటే వాడికి తీగల వలలోంచి ఒక రంగు మెరుపు కనిపించేది, "ఏదీ? ఏదీ?" అనేలోపు అది అవతల మలుపులో ఉండేది. ఆండర్సన్ బ్రిడ్జి దగ్గర బాగా కనిపిస్తుందని అందరినీ లాక్కెళ్ళాను. తాత్కాలిక మెట్లు ఎక్కుతూ దిగుతూ నలభై నిమిషాలు పట్టింది, అమ్మ మోకాళ్ళు అయిపోయాయి. ఆ పాపం నాదే. తర్వాత ఆవిడ పడాంగ్ గడ్డి మీద పెద్ద తెర ముందు కూర్చుని, "ఒరేయ్, ఎవరు ముందున్నారో ఎలా తెలుస్తుందిరా?" అని అడిగింది. ప్రాక్టీసులో ఎవరూ ముందుండరమ్మా అన్నాను. "మరి ఇంతమంది ఎందుకొచ్చారు?" నా దగ్గర జవాబు లేదు.

చెవులకి పెట్టే మఫ్స్ మాత్రం ఇక్కడి నుంచే కొనుక్కుని వెళ్ళండి. ఇప్పటి ఎఫ్1 కార్ల హైబ్రిడ్ ఇంజన్లు భయపడినంత గోల చేయవు, అసలు చెవులు చిల్లులు పడేది మధ్యలో జరిగే పోర్షే రేసుకి. బాబు అప్పుడే ఏడ్చాడు. అమ్మాయికి అన్నిటికంటే నచ్చింది ఎఫ్1 అకాడమీ, అందరూ ఆడపిల్లలే నడిపే రేసు సిరీస్. అంతవరకు తనకి ఆ ఊహే లేదు.

శనివారం టికెట్లు కొనలేదు, మా ఆవిడ పెట్టిన షరతు అది. జూకి వెళ్ళాం, ఖతీబ్ స్టేషన్లో దిగితే అక్కడి నుంచి షటిల్ బస్సు ఉంటుంది. తలెత్తితే చెట్ల మీద ఒరాంగుటాన్లు, పిల్లలు ఊగిపోయారు. సాయంత్రం ఫోన్ తీస్తే వార్త: ఉడుం ట్రాక్ మీదికి రావడంతో మూడో ప్రాక్టీసు ఎర్రజెండా వేసి ఆపేశారు! జంతువుల్ని చూడ్డానికి జూకి వెళ్ళిన రోజునే అసలు జంతువు రేసులోకి వచ్చిందని బాబు ఇప్పటికీ దెప్పుతుంటాడు.

తిండికి ఇబ్బంది పడలేదు. అమ్మ శాకాహార హోటల్లో తప్ప బయట ఎక్కడా తినదు, సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ ఉన్న అలాంటి హోటల్ కోమల విలాస్ గదికి నడక దూరం, రోజూ ఒక పూట అక్కడే. ట్రాక్ లోపల అన్నీ ఖరీదే, శాకాహారులకి దొరికేది తక్కువ, క్యూలు ఎక్కువ.

ఆదివారం అమ్మ శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళి గదిలో ఉండిపోయింది. మేం నలుగురం పడాంగ్ స్టాండ్‌లో. సిటీ హాల్ స్టేషన్ నుంచి సిటీలింక్ అనే భూగర్భ మాల్ ఉంది, గేట్లు తెరిచేదాకా ఆ ఏసీలో తిరగడం ఎంతో హాయి. బయట చెమటకి చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. వాన వస్తుందేమోనని తెచ్చిన రెయిన్‌కోట్లు తీయాల్సిన పని పడలేదు.

రేసు సంగతికొస్తే, డ్రైవర్ నారిస్ పోల్ నుంచి, అంటే అందరికంటే ముందు స్థానం నుంచి, బయల్దేరి 62 ల్యాపులూ (చుట్లూ) ముందే ఉన్నాడు, రెండోవాడు వెర్‌స్టాపెన్ ఇరవై సెకన్ల పైనే వెనక. 2008 నుంచి అంతవరకు ఇక్కడ జరిగిన ప్రతి రేసులోనూ సేఫ్టీ కార్ (ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదిగా నడిపించే కారు) వచ్చింది, మేం వెళ్ళిన ఏడాదే మొదటిసారి రాలేదు. సగంలో మా ఆవిడ "ఇంతేనా?" అనే చూపు చూసింది. అమ్మాయి మాత్రం నోట్‌బుక్‌లో ఎవరు ఏ రంగు టైరు మీద ఉన్నారో రాసుకుంటూ, హామిల్టన్ ఎర్ర టైర్లతో, అంటే వేగంగా పరిగెత్తినా త్వరగా అరిగిపోయే మెత్తటివాటితో, ఎందుకు బయల్దేరాడో వాళ్ళమ్మకి వివరిస్తూ కూర్చుంది. నారిస్ రెండుసార్లు గోడకి రాసుకున్నప్పుడు మా ఆవిడే ముందు అరిచింది. చివర్లో రికియార్డో అనే డ్రైవర్ అత్యంత వేగమైన ల్యాప్ కొట్టాడు, అదే అతని ఆఖరి రేసు అని ఇంటికొచ్చాక తెలిసింది.

రేసయ్యాక జనాన్ని ట్రాక్ మీదికి వదిలారు. ఇది మాత్రం వదులుకోకండి, తోపులాట తగ్గేదాకా ఆగి వెళ్ళండి. తారు ఇంకా వెచ్చగానే ఉంది. మలుపుల అంచున టైర్ల నుంచి ఊడిన రబ్బరు నల్లటి వానపాముల్లా చుట్టుకుని పడి ఉంటే, బాబు గుప్పెడు ఏరుకుని జేబులో కుక్కాడు. అది జిగురు. లాగు పాడైంది, సబ్బుకీ సర్ఫ్‌కీ లొంగలేదు. మెట్రో ఆ రాత్రి ఆలస్యంగా కూడా నడిచింది, జనాన్ని తాళ్ళు కట్టి విడతలుగా పంపడంతో పావుగంటలో రైలెక్కాం.

ఈసారి వెళితే శుక్రవారం మానేసి ఆ డబ్బు శనివారం సీట్లకి పెడతాం. బాబు ఉడుం కోసం వస్తాడట.