హారర్ సినిమా మొదటి ఐదు నిమిషాలు పెట్టి విన్న సౌండ్‌బార్

సౌండ్‌బార్ రివ్యూ అంటే చాలామంది ఫైట్ సీన్ పెట్టి, కిటికీ అద్దాలు అదిరాయా లేదా చూస్తారు. నేను హారర్ సినిమాల మొదటి ఐదు నిమిషాలు పెడతాను. అక్కడ దర్శకుడు చూపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ. మోత ఏ సెట్టయినా మోగిస్తుంది. చిన్న చప్పుడు దగ్గరే అసలు సంగతి తేలిపోతుంది.

ఈమధ్య తీసుకున్నది పదిహేను వేల లోపుది, వైర్‌లెస్ సబ్‌వూఫర్‌తో (మంద్ర శబ్దాల కోసం విడిగా ఉండే స్పీకర్). కంపెనీ పేరు రాయను.

ముందు 'జాస్' (1975). నీళ్ల అడుగున కెమెరా పాకుతుంటే సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ రెండు మంద్ర స్వరాలతో మొదలుపెడతాడు. చవక సబ్‌వూఫర్లలో ఆ రెండూ కలిసిపోయి ఒకటే గుయ్‌మంటాయి. ఇందులో దేనికది విడిగా వినిపించింది. కాసేపటికి ఈతకు దిగిన అమ్మాయిని ఏదో అటూ ఇటూ ఈడుస్తుంది. సొరచేప మాత్రం కనపడదు. ఆమె కేకలు, నీళ్ల చప్పుడు, సముద్రంలో తేలే గంట, అన్నీ స్పష్టంగా వచ్చాయి.

'ద షైనింగ్' (1980)కి వచ్చేసరికి మార్కులు తగ్గాయి. పట్టపగలు, మోంటానా కొండదారిలో చిన్న పసుపు కారు, పైనుంచి హెలికాప్టర్ షాట్. మ్యూట్ చేసి చూస్తే టూరిజం శాఖ ప్రకటనే. భయమంతా వెండీ కార్లోస్, రేచెల్ ఎల్కిండ్ల సంగీతంలోనే ఉంది. చనిపోయినవారి కోసం పాడే పాత లాటిన్ చర్చి కీర్తన బాణీని సింథసైజర్ మీద బరువుగా మోగించారు. ఆ బరువు బాగానే వచ్చింది కానీ, మధ్యలో వచ్చే ఆ వింత కూతలు రేకు డబ్బాలోంచి వచ్చినట్టున్నాయి.

నాకు అన్నిటికన్నా ముఖ్యం 'హాలోవీన్' (1978). నల్లటి తెర, ఒక పక్క కళ్లూ నోరూ చెక్కిన గుమ్మడికాయ, లోపల దీపం, దర్శకుడు జాన్ కార్పెంటర్ స్వయంగా కట్టిన పియానో బాణీ. ఐదు దెబ్బల లెక్కలో సాగుతుంది కాబట్టి నాలుగుకి అలవాటుపడ్డ చెవికి ఎక్కడో కాలు తడబడుతూనే ఉంటుంది. తర్వాత నాలుగు నిమిషాల దాకా మనం హంతకుడి కళ్లతోనే చూస్తాం. ఇంటి చుట్టూ తిరిగి, వంటింట్లో కత్తి తీసుకుని, మెట్లెక్కి, కింద పడున్న మాస్క్ తొడుక్కుంటాం. అంతే, తెర మీద రెండు కంతలు మిగులుతాయి, ఊపిరి వినపడుతుంది. చివర్లో మాస్క్ లాగేస్తే ఆరేళ్ల పిల్లాడు!

నార్మల్ మోడ్‌లో ఆ ఊపిరి మన మొహం మీదే ఆడుతున్నట్టు వచ్చింది, ఒప్పుకోవాలి. ఇంట్లోవాళ్లు పడుకున్నారని నైట్ మోడ్ పెడితే మాత్రం సీను చచ్చిపోయింది. ఆ మోడ్ చిన్న చప్పుళ్లను పెంచి, పెద్దవాటిని తగ్గిస్తుంది. ఊపిరి, పియానో, కేక అన్నీ ఒకే ఎత్తులో ఉంటే ఇక టెన్షన్ ఎక్కడిది?

అసలు జబ్బు 'ఏలియన్' (1979)తో బయటపడింది. టైటిల్ అక్షరాలు ఒక్కో గీతగా, తాపీగా ఏర్పడతాయి. తర్వాత మనిషి జాడలేని అంతరిక్ష ఓడ, ఖాళీ నడవాలు, ఉన్నట్టుండి నిద్రలేచే కంప్యూటర్. చప్పుడు బాగా తగ్గేసరికి ఈ సౌండ్‌బార్ సిగ్నల్ లేదనుకుని గమ్మునైపోతుంది. కంప్యూటర్ కూతపెట్టినప్పుడు మొదటి ముక్క మింగేసి, మిగతాది వినిపిస్తుంది. ఉలిక్కిపడాల్సింది ఆ మొదటి ముక్కకే కదా! సెట్టింగ్స్‌లో దీన్ని ఆపే దారి లేదు. కస్టమర్ కేర్‌వాళ్లు రీసెట్ చేయమన్నారు. చేశాను. బ్లూటూత్ పెయిరింగ్ పోయింది, జబ్బు పోలేదు.

పాటలకీ, క్రికెట్‌కీ ఢోకా లేదు కాబట్టి ఉంచేసుకున్నాను. రాత్రి హారర్ చూడాలంటే వైరున్న హెడ్‌ఫోన్సే. మీరు కొనేటట్టయితే షోరూమ్ డెమో నమ్మొద్దు, ఆ ఏసీ హోరులో ఇవేవీ తెలియవు. ఇంటికి తెచ్చాక రిటర్న్ గడువు దాటకముందే ఫ్యాన్ కట్టేసి ఇలాంటి సీను ఒకటి పెట్టి వినండి.