పాత టేబుల్ ఫ్యాన్ బుష్: మిర్యాలగూడ లేత్ పనా, బాలానగర్ సీఎన్‌సీ పనా?

పాత టేబుల్ ఫ్యాన్లను బాగుచేసే అభిరుచి ఉన్నవారికి తరచుగా ఎదురయ్యే చిక్కు, అరిగిపోయిన గన్‌మెటల్ బుష్‌కు (షాఫ్టు, అంటే తిరిగే ఇరుసు, అమరే లోహపు గొట్టానికి) సరిజోడు బజారులో దొరకకపోవడం. నల్లగొండ జిల్లావారికి రెండు దారులున్నాయి. రైసుమిల్లుల ఊరైన మిర్యాలగూడలో లేత్ వర్క్‌షాపుకు పాత బుష్‌తో పాటు షాఫ్టును కూడా తీసుకువెళితే, మేస్త్రీ వెర్నియర్‌తో కొలిచి, కొత్త బుష్ లోపలి రంధ్రాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, మధ్యమధ్య షాఫ్టును ఎక్కించి చూసి, సరిగ్గా అమరిన చోట ఆపుతారు. షాఫ్టు కూడా ఎంతో కొంత అరిగే ఉంటుంది కనుక, ఒక్క బుష్‌కు ఈ పద్ధతిని మించినది లేదని నా గట్టి అభిప్రాయం. అయితే లోహం పేరు స్పష్టంగా చెప్పాలి. సుమారు 88 వంతుల రాగి, 10 వంతుల తగరం, 2 వంతుల జింకు కలిసిన గన్‌మెటల్‌కు బదులు మామూలు ఇత్తడి వేస్తే త్వరగా అరుగుతుంది.

హైదరాబాదులోని బాలానగర్ సీఎన్‌సీ (కంప్యూటరు ప్రోగ్రాముతో నడిచే యంత్రాల) యూనిట్లకు కొలతలన్నీ రాసిన డ్రాయింగు కావాలి. ప్రోగ్రాముకూ, యంత్రాన్ని అమర్చడానికీ అయ్యే ఖర్చు ఒక్క ముక్కకైనా యాభైకైనా దాదాపు ఒకటే కనుక, మిత్రులు కలిసి ఒకే కొలతలో ఎక్కువ ముక్కలు చేయించుకుంటేనే అది గిట్టుబాటవుతుంది.