తెప్పన్యాకి: అమెరికా షోనా, కోబే కౌంటరా, హిరోషిమా పెనమా?

తెప్పన్యాకి అంటే వేడి ఇనుప పెనం మీద మన కళ్ల ముందే వండిపెట్టే జపాన్ పద్ధతి, అమెరికాలో దాన్నే హిబాచీ అంటారు. అక్కడ ఉంటున్న మనవాళ్లకి హిబాచీ అంటే ముందు గుర్తొచ్చేది పిల్లల పుట్టినరోజే. ఉల్లి చక్రాలు పేర్చి, నూనె పోసి, భగ్గున మంట లేపే చెఫ్, చప్పట్లు, ఫోటోలు. ఆ ఇష్టంతోనే జపాన్ ట్రిప్ పెట్టుకున్నప్పుడు "అసలుది అక్కడే తిందాం" అని కోబేలో రాత్రి భోజనం బుక్ చేస్తుంటారు. బుక్ చేసేముందు ఒక్క మాట: పెనం ఒకటే అయినా అక్కడ జరిగే భోజనం పూర్తిగా వేరు.

ఈ పద్ధతి మరీ పాతదేమీ కాదు. 1945లో కోబేలో మొదలైన మిసోనో అనే హోటల్ ఇనుప పెనం మీద స్టేక్ కాల్చిపెట్టడం తమతోనే మొదలైందని చెప్పుకుంటుంది. యుద్ధం తర్వాత వచ్చిన అమెరికన్ సైనికులకు అది బాగా నచ్చింది. 1964లో రాకీ అవోకీ న్యూయార్క్‌లో బెనిహానా తెరిచి, దానికి గరిటెల విన్యాసాలు జోడించి అమెరికా అంతటా పాకించాడు. కాబట్టి అమెరికా షోని నకిలీ అని తీసిపారేయడం నాకు నచ్చదు. అదొక సొంత సంప్రదాయం.

దాని బలం కుటుంబమే. బీఫ్ తినని ఇంట్లో కూడా చికెన్, రొయ్యలు, టోఫు ఎవరికి కావలసింది వాళ్లు చెప్పుకోవచ్చు. పిల్లలు కుర్చీ దిగరు. కానీ రుచి దగ్గర రాజీ పడాలి. చెఫ్ ఒకేసారి ఎనిమిది మందికి వండుతూ, మధ్యలో ఆటలూ ఆడాలి. ఒకరికి మీడియం, ఇంకొకరికి బాగా కాలినది కావాలంటే ఎవరిదో ఒకరిది తేడా వస్తుంది. సోయా సాస్, వెన్న అన్నిటి మీదా పడటంతో చికెన్‌కీ జుకినీకీ రుచిలో పెద్ద తేడా ఉండదు. బిల్లు మీద 18 నుంచి 20 శాతం టిప్ కూడా లెక్కేసుకోండి.

కోబే కౌంటర్ దగ్గర హడావిడి ఉండదు. వెల్లుల్లి రేకుల్ని ముందు సన్నని సెగ మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించి పక్కన పెడతారు. తర్వాత మాంసం. ఒకవైపు కాలాక తిప్పి, చిన్న ముక్కలుగా కోసి, ఉప్పు, వాసాబీ, ఆ వెల్లుల్లితో వడ్డిస్తారు. చివర్లో వెల్లుల్లి అన్నం. కోబే బీఫ్ అని పిలవాలంటే పశువు తాజిమా జాతిది అయి, హ్యోగో ప్రాంతంలో పెరిగి ఉండాలి. మాంసంలో కొవ్వు చారల కొలత 6 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. అంత కొవ్వు ఉంటుంది కాబట్టి 150 గ్రాములకే కడుపు నిండిపోతుంది. రాత్రి భోజనం మనిషికి 20 వేల యెన్‌లు సులువుగా దాటుతుంది. మధ్యాహ్నం సెట్ భోజనం అయితే చాలా తక్కువలో వస్తుంది, టిప్ గొడవ లేదు. బీఫ్ తినేవాళ్లు నిస్సందేహంగా మధ్యాహ్నమే వెళ్లండి. తినని వాళ్లు మాత్రం రొయ్యల కోసం అంత డబ్బు పెట్టొద్దు, చిన్నపిల్లల్ని తీసుకెళ్లొద్దు.

ఇక నా ఓటు వేసేది హిరోషిమాకి, అక్కడ పెనం మీద పోసే ఒకోనోమియాకీ అనే అట్టుకి. ఒకోనోమిమురా అనే ఒకే భవనంలో అంతస్తు నిండా చిన్న చిన్న షాపులు, ప్రతిదాని ముందూ పొడవాటి పెనం. పలచని పిండిని మన దోసెలాగే గుండ్రంగా తిప్పి, దాని మీద కొండలా క్యాబేజీ, మొలకలు, పంది మాంసం ముక్కలు వేసి, రెండు అట్లకాడలతో ఒక్క ఊపున తిరగేస్తారు. క్యాబేజీ తన ఆవిరికి తనే మగ్గి సగానికి కుంగుతుంది. పక్కన నూడుల్స్ అంచులు కరకరలాడేలా వేగుతుంటాయి. వాటి మీద దీన్ని ఎక్కించి, గుడ్డు కొట్టి పరిచి, మొత్తం దాని మీదకు చేర్చి, తియ్యటి చిక్కటి సాస్ పూస్తారు. హేరా అనే చిన్న అట్లకాడతో పెనం మీద నుంచే కోసుకుని తినాలి. చివరి ముక్క వరకూ వేడి తగ్గదు. పంది మాంసం వద్దంటే మానేస్తారు. మామూలు షాపులో సుమారు వెయ్యి, పదిహేను వందల యెన్‌లలో భోజనం అయిపోతుంది. వండే మనిషికీ తినే మనిషికీ మధ్య అంత దగ్గరితనం కోబేలో కూడా నాకు కనిపించలేదు.

శాకాహారులకి మాత్రం అమెరికాలోనే సులువు. కూర్చోగానే, మాంసం పెనం ఎక్కకముందే మీ కూరగాయలు వండమని చెప్పండి, ఫ్రైడ్ రైస్‌లో గుడ్డు వద్దనండి, సూప్ దేంతో కాచారో అడగండి. జపాన్‌లో మాంసం తీసేయమన్నా పిండిలో, పైన చల్లే పొడిలో చేప ఉండొచ్చు. హిరోషిమాలో శాకాహార ఒకోనోమియాకీ చేసే షాపులు ఉన్నాయి, ముందే వెతికి పెట్టుకుని వెళ్లండి.