ఆరేళ్లుగా హెచ్‌పీఎల్‌సీతో: ప్లాస్మాలో పసుపు జాడ

దుగ్గిరాల పసుపు యార్డు ఉన్న జిల్లాలో ఫార్మసీ పాఠాలు చెప్పేవాళ్లకి పసుపుకు రంగునిచ్చే కర్క్యుమిన్ మీద మనసు పోవడం సహజం. గుంటూరులోని మా ల్యాబ్‌లో యూవీ-విజిబుల్ డిటెక్టర్ ఉన్న హెచ్‌పీఎల్‌సీతో (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం), 250 మిల్లీమీటర్ల సీ18 కాలమ్ (ఆ విడదీత జరిగే గొట్టం) మీద, ఎలుకల ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవ భాగంలో, కర్క్యుమిన్‌ని ఆరేళ్లుగా కొలుస్తున్నాను. ఈ దారిలోకి రావాలనుకునే స్కాలర్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు నచ్చినది. 425 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తే ప్లాస్మాలో ఉండే మిగతావి చాలావరకు అడ్డురావు, బేస్‌లైన్ నున్నగా ఉంటుంది. పసుపులోని మూడు రంగు పదార్థాలూ గ్రాఫ్‌లో మూడు పీకులుగా, అంటే మూడు శిఖరాలుగా వస్తాయి. బిస్‌డీమెథాక్సీ కర్క్యుమిన్ ముందు, డీమెథాక్సీ కర్క్యుమిన్ తర్వాత, అసలు కర్క్యుమిన్ చివర. ఆ మూడూ విడివిడిగా నిలబడిన మొదటి సాయంత్రం నాకు ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

కష్టమంతా శాంపిల్ దగ్గరే. కర్క్యుమిన్ వెలుతురుకు పాడవుతుంది, క్షార గుణం ఉన్న బఫర్‌లో నిమిషాల్లో విరిగిపోతుంది. ట్యూబులకు ఫాయిల్ చుట్టి, ఐసులో పెట్టి, మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రావకంలో) అసిటిక్ యాసిడ్ కలిపి వాడతాం.

రెండో ఏడు హడావుడిలో ఒక తప్పు చేశాను. ప్లాస్మాలో అసిటోనైట్రైల్ పోసి ప్రోటీన్లను దింపాక, సెంట్రిఫ్యూజ్‌ని మూడు నిమిషాలకే ఆపేశాను. వారం తిరిగేసరికి 140 బార్ ఉండాల్సిన ప్రెషర్ 260కి చేరింది. "మేడమ్, పీక్ రెండుగా చీలింది" అని మా స్కాలర్ పిలిచింది. అసలు కాలమ్‌కి ముందు కాపలాగా పెట్టే చిన్న గార్డ్ కాలమ్ విప్పి చూస్తే, మూతి దగ్గర జాలీ మీద పసుపు కలిసిన బూడిద రంగు జిగురు, అన్నం గంజి ఎండినట్టు అంటుకుని ఉంది. ఆ చిన్న ముక్క లేకపోతే కాలమ్ మొత్తం పోయేది. అప్పట్నుంచి చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి, పైతేటను మాత్రమే తీసి, 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి పెడుతున్నాం. గార్డ్ కాలమ్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

కాలమ్ ఓవెన్ కూడా తప్పనిసరి. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది వేడెక్కుతుంది, పీకులు ముందుకు జరిగిపోతాయి. యూపీఎస్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నోటి ద్వారా ఇచ్చిన కర్క్యుమిన్ పేగులో, కాలేయంలో వేరే అణువులు అతుక్కుని గ్లూకురొనైడ్‌గా, సల్ఫేట్‌గా మారిపోతుంది. రక్తంలో విడిగా మిగిలేది అతి తక్కువ. మొదట్లో మూడు నెలలు మాకు ఖాళీ క్రొమటోగ్రామ్‌లే (పీక్ లేని గ్రాఫులే) వచ్చాయి. మెషిన్‌నీ, కాలమ్‌నీ, చివరికి నా చేతినీ అనుమానించాను. గ్లూకురొనైడ్‌ని విడగొట్టే గ్లూకురొనిడేజ్ ఎంజైమ్ కలిపి 37 డిగ్రీల దగ్గర ఉంచిన ప్లాస్మాను మెషిన్‌లోకి ఎక్కించాక పీక్ కనిపించింది. మా స్కాలరూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అయితే అది ఎంజైమ్ విడిపించినదాన్నీ కలుపుకుని వచ్చిన లెక్క. రక్తంలో విడిగా తిరిగిన కర్క్యుమిన్ అంత లేదు. థీసిస్‌లో ఈ తేడా రాయకపోతే చదివేవాళ్లను మోసం చేసినట్టే.

2 గ్రాముల కర్క్యుమిన్‌తో మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే మనుషుల్లో జీవలభ్యత (రక్తంలోకి చేరే పాలు) 2000 శాతం పెరిగిందని బెంగళూరు పరిశోధకులు 1998లో ప్రచురించారు. పసుపు పాలలో అమ్మ మిరియాల పొడి చల్లడం గుర్తొచ్చి, మేమూ ఎలుకల్లో పైపరిన్ కలిపి ఇచ్చి చూస్తున్నాం. పైపరిన్‌ని 340 నానోమీటర్ల చుట్టుపక్కల చూడాలి కాబట్టి రెండు తరంగదైర్ఘ్యాలు ఒకేసారి చూపే డిటెక్టర్ ఉంటే చాలా సుఖం.

జంతువులకు పెద్ద డోసు ఇచ్చే పనికి ఈ డిటెక్టర్ చాలు. ఇలాంటి కొలత పద్ధతులకు అంతర్జాతీయంగా పాటించే ఐసీహెచ్ ఎం10 మార్గదర్శకం అడిగే 15 శాతం తేడా హద్దులోనే మా ఫలితాలు ఉంటున్నాయి. మనుషుల్లో, మామూలు డోసులో, విడిగా ఉన్న కర్క్యుమిన్ కావాలంటే ఇంకా తక్కువ మోతాదును పట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉన్న చోటికి వెళ్లండి. ఈ మెషిన్ మీద ఏళ్లు పోగొట్టుకోకండి.

ఇప్పుడున్న కాలమ్ మీద ఎనిమిది వందల ఇంజెక్షన్లు దాటాయి. ప్రతిదీ రిజిస్టర్‌లో ఉంది. నిన్న సాయంత్రం ప్రెషర్ 148 బార్.