రాజు ఎందుకు పుట్టాడు? మూడు కథల్లో ఏది మేలు?

అంపశయ్య మీదున్న భీష్ముణ్ణి ధర్మరాజు అడిగిన ప్రశ్నల్లో ఒకటి నన్ను ఎప్పుడూ వదలదు. రాజుకూ అందరిలాగే రెండు చేతులు, అదే మెడ, అదే వీపు, అదే కడుపు. సుఖదుఃఖాలు, చావు పుట్టుకలు అందరితో సమానమే. మరి ఆ ఒక్కడు ఇంతమంది మీద ఎట్లా పెత్తనం చేస్తున్నాడు?

దీనికి జవాబుగా మన దగ్గరా, బయటా చాలా కథలు పుట్టాయి. వాటిలో మూడింటిని పక్కపక్కన పెట్టి చూస్తాను. రాజ్యం అచ్చంగా ఇలాగే పుట్టిందని చరిత్రలో రుజువేమీ లేదు. అయినా వీటిలో ఏ కథ మన మనసులో నాటుకుందో దాన్నిబట్టే ప్రభుత్వాన్ని ఏం అడగొచ్చో, ఎంత ఓర్చుకోవాలో తేల్చుకుంటాం. అందుకే నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: పాలించేవాడు చెడిపోతే ఆ కథ మనకు ఏం దారి చూపిస్తుంది?

మొదటిది చేపల కథ. తిక్కన తెలుగు చేసిన మహాభారతంలోని శాంతిపర్వం దీనికి మూలం. రాజు లేకపోతే నీళ్ళలో పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు బలమున్నవాడు లేనివాణ్ణి మింగుతాడు. మత్స్యన్యాయం అంటారు దీన్ని. అది భరించలేక జనం బ్రహ్మ దగ్గరికి పోతే ఆయన మనువును చూపించాడు. మనువు వెంటనే ఒప్పుకోలేదు. అబద్ధాలాడే మనుషుల్ని ఏలితే పాపం చుట్టుకుంటుందని భయపడ్డాడు. అప్పుడు జనం బేరం పెట్టారు. పాపం చేసినవాడిదే, నీకు అంటదు. పశువుల్లో, బంగారంలో యాభయ్యో వంతు, ధాన్యంలో పదో వంతు ఇస్తాం. మేం చేసే పుణ్యంలోనూ నాలుగో వంతు నీదే.

ఈ కథలో పస ఉంది. పన్ను ఊరికే ఇచ్చేది కాదు, కాపలా కాసినందుకు ఇచ్చేది అని చెప్తుంది. కాపాడని రాజును నడిసముద్రంలో చిల్లుపడ్డ పడవలా వదిలేయమని భీష్ముడే అంటాడు. అనుశాసనపర్వం ఇంకా ముందుకు పోయి, కాపాడతానని మాటిచ్చి కాపాడని రాజును జనమంతా ఏకమై పిచ్చికుక్కను చంపినట్టు చంపాలంటుంది. అంటే ఓర్చుకోవాలి, లేదా వదిలేసి పోవాలి, లేదా చంపాలి. మామూలు రోజున మామూలు మనిషి చేయగలిగిన పని మాత్రం కనిపించదు.

ఇదే కథను కౌటిల్యుడు వాడుకున్న తీరు చూస్తే నాకు కలవరం కలుగుతుంది. అర్థశాస్త్రం మొదటి అధికరణం ప్రకారం గూఢచారులు తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడిన చోట్ల కావాలని వాదన పెట్టుకోవాలి. ఒకడు రాజును తప్పుపడితే రెండోవాడు మనువు కథ చెప్పి వాడి నోరు మూయించాలి. ఇక్కడికి వచ్చేసరికి ధాన్యంలో పదో వంతు కాస్తా ఆరో వంతయింది. అడవిలో గింజలు ఏరుకుని బతికే మునులు సైతం అందులో ఆరో వంతు ఇస్తారు, కాబట్టి రాజును చిన్నచూపు చూడొద్దు అని ముక్తాయింపు. ఒకప్పుడు జనం పెట్టిన బేరం ఇప్పుడు జనాన్నే అణచడానికి పనికొచ్చింది.

రెండో కథ ఇంగ్లండు తత్త్వవేత్త థామస్ హాబ్స్‌ది. స్వదేశంలో అంతర్యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయన పారిస్‌లో తలదాచుకున్నాడు. 1649లో ఇంగ్లండులో రాజు తల తీశారు. 1651లో హాబ్స్ పుస్తకం ‘లెవయతాన్’ వచ్చింది. అందులోని కథ ఇది. అందరూ తమ హక్కులన్నీ ఒకరి చేతిలో పెట్టాలని ఒకరితో ఒకరు ఒప్పందం చేసుకుంటారు. ఆ ఒక్కడు మాత్రం ఒప్పందంలో భాగస్తుడు కాడు, కనుక దాన్ని తప్పాడని అతణ్ణి నిలదీసే వీల్లేదు. తన ప్రాణం కాపాడుకునే హక్కు తప్ప మనిషికి పెద్దగా ఏమీ మిగలదు. యుద్ధం చూసినవాడి భయం ఇది, నేను తేలిగ్గా తీసిపారేయను. ఊళ్ళో కొట్లాటలు చెలరేగిన రాత్రి ఎవరైనా పోలీసు జీపు కోసమే ఎదురుచూస్తారు. కానీ తెల్లారాక? తర్వాత 1689లో ఇంగ్లండుకే చెందిన తత్త్వవేత్త జాన్ లాక్ దీనికి విరుగుడు చెప్పాడు. అధికారం నమ్మి అప్పగించిన వస్తువు, నమ్మకం చెడితే జనం వెనక్కి తీసుకోవచ్చు అని.

భయం మీద కట్టిన ఈ రెండు కథలకూ మా తెలంగాణ అనుభవమే అడ్డం వస్తుంది. నిజాం కాలంలో ప్రభుత్వం లేకపోలేదు. పోలీసులున్నారు, కచేరీలున్నాయి, తాసిల్దార్లున్నారు. అయినా ఊరూరా వెట్టి నడిచింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పండించుకున్న పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ సంఘం వాళ్ళు అడ్డం నిలబడి కాపాడారు. పెద్ద చేపను ఆపాల్సిన రాజ్యం పెద్ద చేప పక్కనే నిలబడింది. కంచే చేను మేస్తే ఏం చేయాలో తెలియాలంటే భయం చాలదు.

మూడోది వడ్ల కథ. బౌద్ధుల పాళీ గ్రంథం దీఘనికాయంలో అగ్గఞ్ఞ సుత్తం అనే ఉపదేశం ఉంది. అందులో బుద్ధుడు శ్రావస్తిలో వాసెట్ఠ, భారద్వాజ అనే ఇద్దరికి చెప్తాడు. ఒకప్పుడు వరి దానంతటదే పండేది. పొట్టు లేదు, తవుడు లేదు. సాయంత్రం కోసుకుంటే పొద్దున్నకి మళ్ళీ ఎదిగేది. ఒకడికి బద్ధకమేసి రెండు పూటలవీ ఒకేసారి కోసుకున్నాడు. అతణ్ణి చూసి ఇంకొకడు రెండు రోజులకు, మరొకడు నాలుగు రోజులకు దాచుకున్నాడు. వరికి పొట్టు వచ్చింది, కోసినచోట మళ్ళీ ఎదగలేదు. గట్లు వేసి పంచుకున్నారు. తన మడి ఉండగానే ఒకడు పక్కవాడి మడిలో చెయ్యి పెట్టాడు. చెప్పి చూశారు. మానలేదు. చేతులతో, మట్టిపెళ్ళలతో, కర్రలతో కొట్టారు. అలా దొంగతనం, నింద, అబద్ధం, దండన పుట్టాయి. అప్పుడు అంతా కూర్చుని తమలోంచే ఒకణ్ణి ఎంచుకున్నారు. కోప్పడాల్సినవాణ్ణి కోప్పడు, వెళ్ళగొట్టాల్సినవాణ్ణి వెళ్ళగొట్టు, మా వడ్లలో నీకు వాటా ఇస్తాం అన్నారు. అందరూ సమ్మతించారు కనుక అతను మహాసమ్మతుడు.

ఇందులో రాజును పంపే దేవుడు లేడు. ఉన్నది ఒక పని, ఆ పనికి కూలి. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నాకు మా ఊరి చెరువు నీరటి గుర్తొచ్చాడు. ఆయకట్టులో ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు తిప్పాలో అతనే చూసేవాడు. ఒక యాసంగి ఎండల్లో మా తాత తూము దగ్గరికి పోయి “నా మడి నెర్రెలు బారింది, ఒక్క గంట ఇటు తిప్పు” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నీరటి భుజం మీది పార కూడా దించకుండా “పటేలా, ఇయ్యాల కింది మడుల వంతు. నీది రేపు పొద్దుగాల” అన్నాడు. తాత ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి. కోపంగా ఇంటికొచ్చాడు, కాసేపటికి “వాడన్నది నిజమే” అని నాయనమ్మతో తనే అన్నాడు. కోతలయ్యాక కల్లంలో నీరటికి ఇవ్వాల్సిన మేరను, అంటే పనికి కూలిగా పంటలో ఇచ్చే వాటాను, కుంచంతో కొలిచి పోశారు. ఒక ఏడు అతను ఒకరి పక్షం వహించాడని ఊరు కూర్చుని గట్టిగా అడిగింది. అడగడానికి ఎవరూ తిరగబడాల్సిన పని లేకపోయింది. మేర కొలిచేవాళ్ళు లెక్క అడగడం మామూలు సంగతి.

అందుకే నా ఓటు వడ్ల కథకే. లాక్ చెప్పిన నమ్మకం దీనికి దగ్గరిదే అయినా, ఆయన వెనక్కి తీసుకునే రోజు గురించి చెప్తే, ఈ కథ ప్రతి పంటకూ గుర్తుచేస్తుంది.

అయితే ఇందులోనూ ఒక పెద్ద లోటుంది, దాన్ని దాచను. సుత్తంలో ముందు గట్లు పడ్డాయి, ఆ తర్వాతే రాజు వచ్చాడు. మడి ఉన్నవాళ్ళే కూర్చుని ఎంచుకున్నారు. మా ఊళ్ళో కూడా నీరటిని లెక్క అడిగిన ఆ కూటంలో భూమి ఉన్నవాళ్ళే మాట్లాడారు. ఊరందరి మడులూ తడిపిన నీరటికి తనదంటూ ఒక గుంట భూమి లేదు. అతనికి అన్యాయం జరిగితే ఎక్కడ కూర్చుని ఎవరిని అడగాలి?

1952 ఎన్నికల సంగతి తాత చెప్పేవాడు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా, దాని మీద గుర్తు. బడి ముందు వరుసలో తాత కన్నా ముందు నీరటి నిలబడ్డాడట. పటేల్ వచ్చాడని పక్కకు జరగబోతే, లోపలున్న ఆఫీసరు వద్దని, వరుసలోనే రమ్మన్నాడట. నీరటి ముందు వేసి వచ్చాడు, తాత తర్వాత వేశాడు.