సింగపూరా, దుబాయా? ఉద్దానం వెల్డరుకి ఎక్కడ ఎక్కువ మిగులుద్ది

సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి వెల్డర్లు, పైపు ఫిట్టర్లు పైదేశాలకి వెళ్తూనే ఉంటారు. వెళ్లే ముందు చాలామంది వేసే లెక్క ఒకటే: ఏజెంటు చెప్పిన జీతాన్ని ఆ రోజు రేటుతో గుణించడం. ఫోన్లో దొరికే జీవన వ్యయం పట్టికలూ మనకి పనికిరావు, వాటిలో పెద్ద పద్దులు ఇంటద్దె, పిల్లల స్కూలు ఫీజు. సింగపూర్‌లో మామూలు వర్క్ పర్మిట్ మీద కుటుంబాన్ని తీసుకెళ్లడం కుదరదు. దుబాయ్‌లో కుటుంబ వీసాకి జీతం 4,000 దిర్హాములు ఉండాలి, లేదంటే 3,000తో పాటు బస ఉండాలి. కొత్త వెల్డరుకి అంత రాదు. ఇల్లూ, బడీ ఊళ్లోనే కాబట్టి అక్కడ చూసుకోవాల్సినవి బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం), ఓటీ (ఓవర్‌టైం), తిండి, ఏజెంటుకి తెచ్చిన అప్పు.

ఒక నమూనా లెక్క వేద్దాం. సింగపూర్ బేసిక్ 600 డాలర్లు, దుబాయ్ బేసిక్ 1,400 దిర్హాములు అనుకోండి. సింగపూర్ డాలరు 66 రూపాయలు, దిర్హాము 24. మీ ఆఫర్ లెటర్లో ఉన్న అంకెలు, ఆ రోజు రేటు వేసుకుంటే మీ లెక్క వస్తుంది. రెండు చోట్లా బస కంపెనీదే. భోజనం టైము పోను రోజుకి 10 గంటలు, వారానికి 6 రోజుల పని, అంటే 60 గంటలు.

అసలు తేడా ఈ 60 గంటల్లోనే ఉంది. సింగపూర్‌లో వారానికి 44 గంటలు దాటితే ఓటీ, దుబాయ్‌లో 48 దాటితే. ఒకే పనికి సింగపూర్‌లో వారానికి 16 గంటల ఓటీ పడుతుంది, దుబాయ్‌లో 12. పైగా సింగపూర్‌లో గంటకి ఒకటిన్నర రెట్లు, దుబాయ్‌లో ఒకటింబావు. దుబాయ్‌లో రాత్రి 10 నుంచి తెల్లవారి 4 లోపు చేసిన ఓటీకి మాత్రం ఒకటిన్నర.

సింగపూర్ గంట రేటు తియ్యాలంటే నెల బేసిక్‌ని 12తో గుణించి 2,288తో భాగించాలి (52 వారాలు, వారానికి 44 గంటలు). 600కి గంటకి 3.15, ఓటీకి 4.72 డాలర్లు. నెలకి 69 గంటలకి 326. మొత్తం 926 డాలర్లు. నెలకి 72 గంటలు దాటి ఓటీ చేయించకూడదన్నది అక్కడి నిబంధన. అంతకు మించి ఓటీ డబ్బులు ఆశ పెట్టే ఏజెంటు మాట నమ్మొద్దు. దుబాయ్‌లో 1,400ని 12తో గుణించి, 365తో, మళ్లీ 8తో భాగిస్తే గంటకి 5.75, ఓటీకి 7.19. నెలకి 52 గంటలకి 374. మొత్తం 1,774 దిర్హాములు.

ఇప్పుడు తిండి. సింగపూర్ డార్మిటరీలో క్యాటరింగు, ఫోను, ఆదివారం లిటిల్ ఇండియా తిరుగుడు కలిపి 240 డాలర్లు అనుకుందాం. మిగిలేది 686, అంటే సుమారు 45,000 రూపాయలు. దుబాయ్ క్యాంపులో సొంత వంటకి 350, ఫోను వగైరా 100 పోతే 1,324 దిర్హాములు, సుమారు 32,000. అదే కంపెనీ మెస్ ఉంటే 40,000. 'ఫుడ్ ఫ్రీ' అన్న ఒక్క మాట నెలకి 8,400 రూపాయలు. అందుకే అది నోటిమాటగా కాక కాంట్రాక్టులో రాసి ఉండాలి.

ఇంతవరకే చూస్తే సింగపూరే మేలు. ఇక అప్పు కలపండి. సింగపూర్ నిర్మాణ రంగానికి బీసీఏ (అక్కడి ప్రభుత్వ నిర్మాణ సంస్థ) స్కిల్ టెస్టు పాసవ్వాలి; ఆ శిక్షణ, టెస్టు, ఏజెంటు అన్నీ కలిపి 3 లక్షలు అయిందనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 6,000 వడ్డీకే పోతుంది. రెండేళ్లలో అసలు తీర్చాలంటే నెలకి ఇంకో 12,500. మిగిలేది 27,000 లోపే. దుబాయ్‌కి లక్ష అయితే వడ్డీ 2,000, అసలు 4,167. మెస్ లేకపోయినా చేతికి 25,600, మెస్ ఉంటే 34,000. దీనికి పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ కలుస్తుంది: తొలి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 1,400కి 980 దిర్హాములు. రెండేళ్లకి 47,000 రూపాయలు. సింగపూర్‌లో ఇలాంటి ముగింపు సొమ్ము ఇచ్చి తీరాలన్న చట్టం లేదు.

కాబట్టి వడ్డీకి తెచ్చి వెళ్లేవాళ్లకి తొలి రెండేళ్లు దుబాయే మేలు, అదీ మెస్ ఉంటే. అప్పు లేనివాళ్లకి, ఐదారేళ్లు ఉండిపోదామనుకునేవాళ్లకి సింగపూర్. అక్కడ నైపుణ్యం పెరిగితే బేరమాడే బలం వస్తుంది. నిర్మాణ రంగంలో మన దేశం నుంచి వెళ్లిన మామూలు కార్మికుడి మీద యజమాని అక్కడి ప్రభుత్వానికి నెలకి 900 డాలర్ల లెవీ కడతాడు. ఆర్1 అనే పై నైపుణ్య స్థాయికి చేరితే అది 500. ఆ 400 డాలర్ల మిగులులో వాటా అడగొచ్చు. ఆ లెవీని మాత్రం కార్మికుడి జీతంలోంచి కొయ్యకూడదు.

మోసం ఎక్కడంటే, దుబాయ్ ఆఫర్లో '1,400 జీతం' అంటారు, తీరా చూస్తే బేసిక్ 800, అలవెన్సు 600. ఓటీ, గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే. అదే 52 గంటల ఓటీ 374 నుంచి 214కి పడిపోతుంది, గ్రాట్యుటీ ఏడాదికి 980 నుంచి 560కి. సింగపూర్‌లో అయితే వీసాకి ముందొచ్చే ఐపీఏ (ముందస్తు ఆమోదం) కాగితంలో బేసిక్, అలవెన్సులు, కోతలు వేర్వేరు వరుసల్లో ఉంటాయి. బసకి కోత ఉందా అన్న వరుస ముందు చదవండి.

పది పాసవ్వనివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వెళ్లడానికి ప్రభుత్వ క్లియరెన్సు కావాలన్న గుర్తు) ఉంటుంది. దుబాయ్‌కి మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ క్లియరెన్సు తప్పనిసరి, సింగపూర్‌కి అక్కర్లేదు. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. 'విజిట్ వీసా మీద దిగిపో, అక్కడ మార్పిద్దాం' అంటే ఆ క్లియరెన్సు తప్పించుకోవడానికే. ఆ వీసా మీద పని చెయ్యడం నేరం, దొరికితే జరిమానా.

ఇక మన ఉద్దానానికే ప్రత్యేకమైన సంగతి, కిడ్నీ జబ్బు. గల్ఫ్ మెడికల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూస్తారు, కిడ్నీ జబ్బు తేలితే అన్‌ఫిట్. ఏజెంటుకి అడ్వాన్సు ఇచ్చాక అది తేలితే ఆ డబ్బు రాబట్టుకోవడం కష్టం. క్రియాటినిన్ పరీక్షకి అయ్యేది కొన్ని వందలే; సోంపేటలోనో, పలాసలోనో ముందే చేయించుకుని కాగితం దగ్గర పెట్టుకోండి. అంచు మీద ఉంటే దుబాయ్ ఎండ ఇంకా చెడ్డది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఆరుబయట పని ఆపాలన్న నిబంధన ఉంది గానీ, మిగతా గంటల్లో నీళ్లు తాగుతున్నారో లేదో ఎవరూ చూడరు.