పెంపుడు కుక్క, పిల్లి చిత్తరువుకు ఏ రంగులు మేలు? విశాఖ గాలిలో తైలవర్ణం, ఆక్రిలిక్, నీటిరంగులు

ఇంట్లో పెంచుకున్న కుక్కకో పిల్లికో చిత్తరువు గీయాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న ఏ రంగులు వాడాలన్నది. తైలవర్ణం గొప్పదనీ, ఆక్రిలిక్ మధ్యరకమనీ, నీటిరంగులు చిన్నపిల్లలకనీ చాలామంది మనసులో ఒక వరుస ఉంటుంది. ఆ వరుసను పక్కన పెట్టమని నా మనవి. విశాఖపట్నంలో ఉండేవారు ముందుగా చూసుకోవలసినవి రెండు: ఆ జంతువు బొచ్చు ఎటువంటిది, పటం ఏ గోడకు వేలాడబోతోంది. లాసన్స్ బే కాలనీలోనో, బీచ్ రోడ్డు వెంబడి అపార్టుమెంట్లలోనో ఏడాదిలో చాలా నెలలు గాలి చెమ్మగానే ఉంటుంది. రంగు వేసిన కిటికీ ఊచలు కూడా ఉప్పుగాలికి తుప్పు పడతాయి. ఆ గాలిలోనే మనం ప్రేమతో గీసుకున్న బొమ్మ కూడా బతకాలి.

ముందుగా తైలవర్ణం సంగతి. ఇందులో రంగుపొడిని పట్టి ఉంచే అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది. పలుచని పొర చేతికి అంటకుండా ఉండడానికి కొన్ని రోజులు పడుతుంది, మందంగా వేస్తే నెలలు గడుస్తాయి, చివరి వార్నిష్‌కు సుమారు ఆరు నెలలు ఆగడం పాత పద్ధతి. ఈ ఆలస్యమే నల్ల కుక్క బొమ్మకు వరం. నల్ల లాబ్రడార్‌ను బాల్కనీ తలుపు దగ్గర కూర్చోబెట్టి కాసేపు నిదానంగా చూడండి. వీపు మీద ఆకాశపు వెలుగు పడిన చోట బొచ్చు నీలంగా మెరుస్తుంది, పక్కటెముకల దగ్గర ఊదాకు తిరుగుతుంది, గచ్చు మీది వెలుగు తగిలే పొట్ట దగ్గర గోధుమరంగు పొడసూపుతుంది, ఈ మూడింటి నడుమ ఎక్కడా గీత ఉండదు. తడి ఆరని తైలవర్ణంలో ఒక రంగును పక్కదానిలోకి పొడి కుంచెతో మెల్లగా లాగి కలపవచ్చు, మిగిలిన పనిని మరునాడు కూడా కొనసాగించవచ్చు. ట్యూబులోని ఐవరీ బ్లాక్ అనే నలుపును నేరుగా పూస్తే మాత్రం కుక్క ఉండవలసిన చోట కన్నం పడినట్టుంటుంది. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ మట్టిరంగు కలిపి చేసుకున్న నలుపు కావలసినట్టు నీలానికీ గోధుమకీ మొగ్గుతుంది. పైగా అంబర్‌లోని మాంగనీసు వల్ల నూనె త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ ఆరడానికి చాలాకాలం తీసుకుంటుంది. అడుగు పొర ఆరకముందే పై పొర గట్టిపడితే బొమ్మ బీటలు వారుతుంది కనుక, అడుగున అంబర్ కలిసిన నలుపే క్షేమం.

తైలవర్ణానికి నేను చెప్పే ప్రధానమైన అభ్యంతరం చెమ్మ గురించి కాదు, ఇంట్లో తిరిగే ఆ ప్రాణి గురించే. టర్పెంటైన్ పిల్లికీ కుక్కకీ కూడా విషం. పిల్లి తన ఒంటికి ఏది అంటినా నాకి శుభ్రం చేసుకుంటుంది; కాడ్మియం వంటి లోహాలున్న రంగులు ఆ విధంగా దాని కడుపులోకి పోతాయి. తలుపు వేసి ఉంచగలిగే గది వేరుగా లేని ఇంట్లో, ఆ జంతువు ఇంకా మన మధ్య తిరుగుతున్నప్పుడు, తైలవర్ణం జోలికి పోకపోవడమే మంచిది.

ఆక్రిలిక్‌లో రంగుపొడిని పట్టి ఉంచేది నీటిలో కలిసిన ప్లాస్టిక్ వంటి బంక; నీరు ఆవిరైపోగానే పొర గట్టిపడుతుంది. పలుచగా వేస్తే పది ఇరవై నిమిషాల్లో ఆరుతుంది, ఉక్కపోత రోజుల్లో ఇంకొంచెం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం గీసేవారికి లాభమే, ఎందుకంటే ఎండిన గాలిలో కలపడానికి దొరకని వ్యవధి ఇక్కడ దొరుకుతుంది. పొట్టి బొచ్చు, మచ్చలు, చారలు ఉన్న జంతువులకు, ముఖ్యంగా వీధిలోంచి తెచ్చి పెంచుకున్న మన ఊరకుక్కలకు, ఇదే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. ముదురు రంగు అడుగున వేసి, అది ఆరగానే పొడవాటి సన్న కుంచెతో బొచ్చు వాలిన దిక్కునే లేతరంగు గీతలు వేస్తూ పోతే, ఒకే పూటలో నాలుగైదు పొరలు కూర్చవచ్చు. ముక్కు దూలం మీద వెంట్రుక పైకి నుదుటివైపు తిరుగుతుంది, చెంపల దగ్గర వెనక్కి మళ్లుతుంది, మెడ కింద సుడి తిరుగుతుంది. ఈ దిక్కు తప్పితే రంగు ఎంత కుదిరినా అది మన కుక్క అనిపించదు.

దీనికీ లోపాలున్నాయి. తడిగా ఉన్నప్పుడు పాలలా తెల్లగా ఉండే బంక ఆరాక పారదర్శకమవుతుంది కనుక రంగు ఒక పాలు ముదురుతుంది. కంటి పాప చుట్టూ ఉండే తేనెరంగును ఇది తరచు దెబ్బతీస్తుంది, అందుచేత అక్కడ కొంత లేతగా వేసుకోవాలి. రెండవది, వేసవి వేడికి ఈ పొర కాస్త మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది. పోర్టు వైపు ఇళ్లలో నల్లటి దుమ్ము ఎలా పేరుకుంటుందో తెలిసినవారు, అవసరమైతే తీసి మళ్లీ వేయగలిగే వార్నిష్ తప్పక వేయించుకోవాలి. కాన్వాస్‌ను చట్రానికి బిగించే మేకులు కూడా తుప్పు పట్టనివి అయి ఉండాలి, లేకపోతే మరక గుడ్డలోంచి ముందుకు వస్తుంది.

ఇక నీటిరంగులు. తెల్ల పొమేరియన్‌కూ, తెల్లపిల్లికీ వీటిని మించినవి నాకు కనిపించలేదు. తెలుపు పూయవలసిన పని ఉండదు, కాగితమే తెలుపు. అల్ట్రామెరీన్‌లో చిటికెడు బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమరంగు కలిపిన పలుచని బూడిదరంగుతో నీడలు మాత్రం వేస్తే బొచ్చు దానంతట అదే గుల్లగా లేస్తుంది. మీసాల కోసం మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో, అంటే రంగు అంటకుండా కాగితాన్ని కప్పి తర్వాత ఊడదీసే రబ్బరు ద్రవంతో, ముందే సన్నని గీతలు గీసి ఉంచాలి. మన వేడికి దానిని రోజుల తరబడి వదిలేస్తే తీసేటప్పుడు కాగితం పైపొర చిరిగి వస్తుంది, కనుక అదే రోజు తీసేయాలి.

నీటిరంగులు నిలవవని కొట్టిపారేయడం న్యాయం కాదు. జహంగీరు ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ 1621లో కాగితం మీద నీటిలో కలిపిన రంగులతో గీసిన జీబ్రా నేటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అటువంటి బొమ్మలను ఆల్బమ్ పుటల మధ్య వెలుగు తగలకుండా దాచేవారు. మనం గోడకు పెడతాం కాబట్టి, సముద్రం వైపు కిటికీకి ఎదురుగా, పొద్దుటి ఎండ నేరుగా పడే గోడను వదిలేయాలి. వానాకాలంలో చెమ్మ దిగే బయటి గోడ కూడా పనికిరాదు, అక్కడ కాగితానికి గోధుమరంగు బూజు మచ్చలు వస్తాయి. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ కాగితం తీసుకుని, అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ ఉండేలా చుట్టూ మందపాటి అట్ట మౌంటు పెట్టి పటం కట్టించాలి. పాత అలిజరిన్ క్రిమ్సన్ అనే ఎరుపు వంటి వెలిసిపోయే రంగులను నాలుక, చెవి లోపలి గులాబీ ఛాయ కోసం వాడకూడదు.

సాఫ్ట్ పాస్టెల్, అంటే సుద్దలా మెత్తని రంగు కడ్డీ, బొచ్చుకు అందమైనదే కానీ, రంగు పొడి పొడిగా రాలే స్వభావం వల్లా, బూజు భయం వల్లా మన ఊరికి దానిని నేను సిఫారసు చేయను.

చనిపోయిన జంతువు బొమ్మ విషయంలో మాత్రం నా లెక్క మారుతుంది. అప్పుడు మన చేతిలో ఉండేది ఫోన్‌లో తీసిన మసక ఫొటో ఒక్కటే కావచ్చు. దగ్గర నుంచి తీయడం వల్ల మూతి పెద్దదై, ఫ్లాష్ వల్ల కళ్లు పచ్చగా వెలిగి ఉంటాయి. తైలవర్ణంలోనో ఆక్రిలిక్‌లోనో మూల మూలనా వివరం నింపబోతే, ఫొటోలో లేనిదానిని కల్పించవలసి వస్తుంది, ఆ కల్పన దగ్గరే పోలిక తప్పుతుంది. నీటిరంగుల్లో కళ్లు, ముక్కు, ఒక చెవి వంపు స్పష్టంగా గీసి, తెలియని ఒంటిని కాగితంలోకి కరిగించి వదిలేయవచ్చు. అందుచేత ఫొటో మసకగా ఉన్నప్పుడు, ఆ కుక్క నల్లదైనా సరే, నీటిరంగులనే ఎంచుకోమంటాను. కళ్ల రంగు, చెవి మీది గాటు, మెడపట్టీ రంగు వంటివి ఇంట్లో అందరినీ అడిగి రాసుకున్నాకే కుంచె పట్టుకోవాలి.